కూలి ముగిసిన పిమ్మట

బందరునుండి పెడన మీదుగా ఈశాన్యమునకు సాగిపోవు త్రోవలో, కృష్ణకాలువల నీరు తన ప్రయాణమును చాలించి సముద్రపు టుప్పుగాలికి లోబడు సీమయందు బంటుమిల్లి యున్నది. ఉత్తరమున కొల్లేటి పల్లము, తూర్పున కృత్తివెన్ను మీదుగా కడలితీరము. ఈ రెంటి నడుమ కన్ను పోయినంత మేర ఏ మిట్టయు అడ్డుపడని సమతలభూమి. ఇచ్చటి సేద్యగానికిని, అతని చేలలో పనిచేయు కూలివానికిని సంవత్సరమంతయు చింతయే ఋతువులై నడచును. బెజవాడ ఆనకట్టవద్ద విడిచిన నీరు శివారు చేలకు ఎన్నటికి చేరునో యను విచారము ఆషాఢమున మొదలై, కంకి పాలుపోసుకొను వేళకు తుపాను భయమై, కోతలు ముగిసిన పిమ్మట నాముకు, అనగా గింజల అప్పుగా, తెచ్చిన ధాన్యమును తీర్చు లెక్కయై, వేసవిలో పనులు లేని దినములకు పస్తుగా పరిణమించును. ఒక చింత తీరకమునుపే మరియొకటి వాకిట నిలుచును.

క్రీస్తునందు హృదయమును నిలుపుకొనుటను గూర్చి వ్రాసిన పండితులు, సన్యాసులు తరచుగా ఏకాంతమును, మౌనమును, తీరికను ముందుగా కోరుదురు. ఈ పల్లపుసీమ పల్లెలలో క్రైస్తవమతమును స్వీకరించిన వేలకొలది కుటుంబములకు ఆ మూడింటిలో ఏదియు లభింపలేదు. ఒకే పాకలో మూడుతరములు నిదురించు ఇంట ఏకాంత మెక్కడిది? తెల్లవారకముందే పొలమునకు పోయి దీపములు పెట్టు వేళకు మరలివచ్చు దేహమునకు తీరిక యెక్కడిది? అయినను నూరేండ్లకు మించిన కాలము వారి భక్తి ఆరిపోలేదు. చింత తీరిన పిమ్మట ప్రార్థింతమని వారు కాచుకొనలేదు. చింతనే చేతబట్టుకొని ప్రార్థనకు వచ్చిరి, వచ్చుటకు ఒక వేళను, ఒక చోటును, ఒక కొలతను ఏర్పరచుకొనిరి. మిషను చరిత్రలలో దొరల పేర్లును, కళాశాలల కట్టడములును, బాప్తిస్మముల లెక్కలును విపులముగా కనబడును. ఈ వేళకును చోటుకును కొలతకును ఆ గ్రంథములలో దొరకిన స్థలము అత్యల్పము. నా దృష్టికి అసలు చరిత్ర ఇదియే.

బందరుసీమకు ప్రొటెస్టంటు బోధకులు వచ్చిన క్రమమును మొదట చెప్పవలెను. 1836లో ఇంగ్లండునుండి వచ్చిన విలియం బౌడెను, జార్జి బీరు అను ఇరువురు కొంతకాలము బందరున నిలిచి, పిమ్మట గోదావరి డెల్టాకు తరలి నరసాపురమును తమ స్థావరము చేసికొనిరి. 1841లో చర్చి మిషనరీ సంఘము పక్షమున రాబర్టు నోబులు, హెన్రీ వాట్సన్ ఫాక్సు బందరు చేరిరి. ఈ ఇరువురి స్వభావములు భిన్నములు. నోబులు ఒక్కచోట కూర్చుండి పాఠము చెప్పువాడు. ఫాక్సు తెలుగు నేర్చుకొని తిరునాళ్ళకును పల్లెలకును తిరిగి బోధించువాడు. నోబులు 1843లో పాఠశాల తెరచెను. అదియే కాలక్రమమున నోబులు కళాశాలయై, ఆంధ్రదేశపు విద్యావంతులను అనేకులను తయారుచేసెను. ఆయన అవివాహితుడుగనే యుండి, స్వదేశమునకు ఒక్కమారైనను మరలక, ఇరువదినాలుగు సంవత్సరములు ఈ పట్టణముననే గడపి 1865లో ఇచ్చటనే కన్ను మూసెను.

ఫాక్సు జీవితము తక్కువ కాలమే సాగినను, హృదయము చింతలచేత ఎట్లు నలుగునో తెలిసికొన గోరువారికి అది ఎక్కువ బోధించును. తెలుగుదేశపు వేడిమి ఆయన దేహమునకు సరిపడలేదు. భార్య ఎలిజబెత్తు ఆరోగ్యము చెడగా, పిల్లలతో స్వదేశమునకు బయలుదేరిన సమయముననే, 1845లో ఆమె మరణించెను. బిడ్డలను ఇంగ్లండున విడిచి ఆయన మరల బందరునకు వచ్చెను. కాని ఆరోగ్యము పూర్తిగా క్షీణించుటచే మరలిపోక తప్పలేదు, 1848లో పిన్నవయస్సుననే మరణించెను. పని చాలని దినములు, ఫలము కనబడని సంవత్సరములు, ఇంటి దుఃఖము, ఒంటి నొప్పి, ఇవి యన్నియు ఆయనకు కలిగినవి. ఫాక్సు తిరిగిన తిరునాళ్ళలో విత్తిన మాట ఎక్కడ మొలచినదో చూచుటకు ఆయనకు ఆయువు చాలలేదు.

నోబులు పాఠశాలలో మొదటి మతాంతరములు 1852లో సంభవించెను. మంచాల రత్నము, ఐనాల భూషణము అను ఇరువురు అగ్రవర్ణ విద్యార్థులు బాప్తిస్మము పొందగా పట్టణము కలత చెందెను. బంధువులు ఏడ్చిరి, ప్రార్థించిరి, న్యాయస్థానమునకు పోయిరి. పాఠశాల కొంతకాలము దాదాపు శూన్యమయ్యెను. ఆ యువకులు ఇల్లు విడిచిన దినముననే తల్లిదండ్రులకు చనిపోయినవారితో సమానులైరి. తరువాత ఇరువురును గురువులై సంఘసేవ చేసిరి. పస్తుకంటెను అప్పుకంటెను భిన్నమైన బాధ ఇది. కన్నతల్లి బ్రతికియుండగనే ఆమె చేతి అన్నము మరి దొరకదని తెలిసిన కుమారునకు, పండుగదినమున పొరుగింట వినవచ్చు ప్రతి శబ్దమును పరీక్షయే. ఈ పట్టణపు భక్తుల త్యాగమును నేను తగ్గించి చెప్పను. అయితే వారి త్రోవ ఒంటరివాని త్రోవ. బంటుమిల్లివంటి పల్లెల త్రోవ వేరొకటి.

ఆ రెండవ త్రోవను చెప్పుటకు ముందు, 1864 నవంబరు 1వ తేదీ రాత్రిని దాటిపోరాదు. ఆ రాత్రి తుపానుతో కూడి పొంగిన సముద్రము పదుమూడడుగుల ఎత్తున బందరుపై విరుచుకొనిపడి, తీరమంతట మైళ్ళకొలది లోపలికి వచ్చి, సుమారు ముప్పదివేల ప్రాణములను బలిగొనెను. షార్కీ దొరసాని నడపుచుండిన బాలికల పాఠశాలలో పలువురు బాలికలు మునిగిపోయిరి. ఓడరేవుగా బందరునకుండిన పూర్వవైభవము మరి కోలుకొనలేదు. కార్తికమాసపు గాలి దిక్కు మారినంతనే ఈ సీమ ముదుసలి స్త్రీలు ఆకసము వంక చూచుట ఆనాటినుండి వచ్చిన అలవాటనిపించును. సముద్రమును నమ్మరాదని తెలిసిన ప్రజ దేవుని నమ్ముట నేర్చుకొనిన దేశమిది. ఆ నమ్మిక సులభముగా వచ్చినదని ఎవరును అనుకొనరాదు.

రెండవ త్రోవ పగోలు వెంకయ్యతో మొదలగును. బెజవాడకు దూరముగా నుండు రాఘవాపురములో, మాలపల్లెలో, తనవారిలో పెద్దరికము గలిగి బ్రతికిన ఈతడు, 1849 ప్రాంతమున విగ్రహములు దేవుళ్ళు కావని ఒక దొర చెప్పిన మాటను పరులనోట వినెను. విన్నది అంతియే. ఎవరు దేవుడో చెప్పువారు లేరు, చదువుటకు అక్షరము రాదు, అడుగుటకు బోధకుడు లేడు. అప్పుడు వెంకయ్య, నీవెవరవో ఎచ్చటనుంటివో నాకు తెలియజేయుమని పేరు తెలియని ఆ దేవుని నిత్యము వేడుకొనసాగెను, తన యింటివారికిని ఆ ప్రార్థననే నేర్పెను. ఒక దినము కాదు, ఒక మాసము కాదు, పదియేండ్లు అట్లు గడచెను. 1859లో కృష్ణస్నానోత్సవమునకు బెజవాడ వచ్చినపుడు అచ్చట తెల్లదొర బోధకుడున్నాడని తెలిసి, టి. వై. డార్లింగు ఇంటికి పోయి, సువార్త వినినంతనే తాను ఇంతకాలము వెదకినవాడు ఇతడేయని ఒప్పుకొనెనని మిషను గ్రంథములు చెప్పుచున్నవి. ఆ యేటనే బాప్తిస్మము పొందెను. ఆయన వెనుక కుటుంబములు, కుటుంబముల వెనుక పల్లెలు వచ్చెను. 1891లో మరణించువరకు వెంకయ్య తన ప్రజలలో బోధించుచునేయుండెను.

ఈ పదియేండ్ల ప్రార్థనవద్ద నేను చాలసేపు ఆగుదును. వెంకయ్య ఆ కాలమున వ్యవసాయము మానలేదు, పల్లె విడువలేదు, గుహకు పోలేదు. విత్తులు చల్లుచు, పశువులను కాచుచు, కులపు తగవులు తీర్చుచు, సమాధానము రాని ప్రశ్నను ప్రతిదినమును అడిగెను. అతని భక్తికి ఇంకను క్రీస్తు పేరైనను తెలియదు. కాని అతని హృదయమున ఒక చోటు ఆయనకై ఖాళీగా ఉంచబడెను. తరువాత కృష్ణాసీమ పల్లెలలో ఏర్పడిన సాయంప్రార్థన ఆచారమునకు మూలపురుషుని వెదకవలసినచో నేను బందరు బంగళాలలో వెదకను, రాఘవాపురముననే వెదకుదును.

వెంకయ్య ప్రార్థించుచుండిన ఆ దశాబ్దముననే డెల్టా ముఖము మారెను. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను ముగిసెను. బందరుకాలువ, ఏలూరుకాలువ, వాని శాఖోపశాఖలు సీమంతట వ్యాపించెను. పుల్లేరు, బంటుమిల్లి కాలువల పేర్లు ఇచ్చటి రైతుకు తన బిడ్డల పేర్లంత పరిచితములు. 1833 నాటి డొక్కల కరవును చూచిన నేలపై వరి పండెను. భూమిగలవారికి సిరి వచ్చెను. భూమిలేనివారికి పని వచ్చెను. సిరి మాత్రము రాలేదు. పాలేరుగా సంవత్సరపు జీతమునకు కుదిరినవాడును, ఊడ్పులకు కోతలకు కూలిగింజలకై పోయినవాడును తమ చేతులతో పండించిన ధాన్యమును వేసవిలో నాముకు అడిగి తెచ్చుకొనవలసివచ్చెను. ఈ ప్రజలలోనే క్రైస్తవసంఘములు దండిగా పెరిగెను.

శ్రమపడువారికిని సువార్తకును గల ఈ సంబంధము కృష్ణకు ఈవలిగట్టుననే కాదు, ఆవలిగట్టునను కనబడును. 1876లో మొదలైన కరవునందు ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగుహాము కాలువలో కొంతభాగపు త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. విరామవేళల బోధకులు ఆ కూలివారి నడుమ కూర్చుండి, భారము మోయువారిని తనయొద్దకు రమ్మని యేసు పిలిచిన మాటను విప్పి చెప్పుచుండిరి. తలపై మట్టితట్ట దింపి విన్నవానికి ఆ మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు. అన్నమునకై మతము మారిరను నింద రాకుండుటకై కరవు తీరువరకు బాప్తిస్మములు నిలిపివేసి, 1878 జూలై 3వ తేదీన ఒక్కదినమే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి లోకవిదితము.

ఇక పల్లెలోనికి పోవుదము. డెల్టా క్రైస్తవపల్లెలో మొదటి కట్టడము తాటాకు పాక. పగలు అది బడి, రాత్రి గుడి. అందు నివసించువాడు ఉపదేశి. అతనినే పంతులుగారని పిలుచుచుండిరి. పగలు పిల్లలకు ఓనమాలు దిద్దించి, రాత్రి పెద్దలకు ప్రార్థన నడపుట అతని పని. ఊడ్పుల దినములలో స్త్రీలు నడుములు వంచి బురదలో దినమంతయు నాట్లు వేసి, మరలివచ్చి, వాకిట కాళ్ళు కడిగికొని, పొయ్యి రాజేసి, బిడ్డకు పాలిచ్చిన పిమ్మట గంట మ్రోగును. గంట యనగా చాలచోట్ల వ్రేలాడగట్టిన పాత రైలుపట్టా ముక్కయే. ఆ శబ్దము విని, తడి ఆరని చీరతోనే వచ్చి చాపపై కూర్చుండువారు కొందరు. దూరముగా గోడకు చేరగిలబడి కునికిపాట్లు పడువారు కొందరు. కిరసనాయిలు బుడ్డి వెలుతురులో చదువగలవాడు ఉపదేశి ఒక్కడే. కనుక ఆ సభకు గ్రంథము జ్ఞాపకశక్తియే. పది ఆజ్ఞలు, విశ్వాసప్రమాణము, ప్రభువు నేర్పిన ప్రార్థన, ఇవి నోటికి రావలెను. రాత్రి వెంబడి రాత్రి పలికి పలికి అవి నాలుకకు పాటయై, మరునాడు చేలలో వంగినపుడు వానంతటవే వచ్చుచుండెను.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఏనాటి ఆహారము ఆనాటికి ఇమ్మని అడుగు మాట కలదు. గాదెలు నిండిన ఇంటివాడు దానిని వినయసూచకముగా పలుకవచ్చును. సాయంకాలము కొలిచిపోయబడిన కూలిగింజలను అప్పుడే దంచి, ఆ రాత్రికే వండుకొనిన స్త్రీ పలికినపుడు అది వినయము కాదు, విన్నపము. ఆమె రేపటి గింజలను ఇంకను చూడలేదు. దినచింతల నడుమ హృదయమును క్రీస్తునకు అప్పగించుట యన ఏమియో తెలిసికొనుటకు ఇంతకంటె స్పష్టమైన తావు నాకు కనబడలేదు.

పాట గూర్చి వేరుగ చెప్పవలెను. చదువురాని సంఘమునకు వేదాంతము పాటరూపముననే అందెను. పురుషోత్తమ చౌదరి (1803–1890) మున్నగువారు సంప్రదాయ రాగతాళములలో రచించిన పదములు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను గ్రంథమున చేరి, శాఖాభేదము లేక సర్వసంఘములకు సొత్తయ్యెను. కీర్తన మొదట రాగమును తాళమును ముద్రించు ఆ పుస్తకము, పాశ్చాత్యపు రాగములను మాత్రమే నేర్పబోయిన బోధకులకు తెలుగు చెవి చెప్పిన సమాధానము. తాళములు, కంజిర, ఒక మద్దెల; ఇంతమాత్రముతో అలసిన సభ మేలుకొనును. పశ్చాత్తాపకీర్తనలు పాడునపుడు ఈ పల్లెల కంఠములలో ధ్వనించు ఆర్తిని విన్నవాడు, పాటయే వీరికి ధ్యానమని ఒప్పుకొనును.

ఆ పిదప ప్రార్థన. గ్రంథములోని ప్రార్థన ముగిసినంతనే ఎవరి మాటలలో వారు దేవునితో చెప్పుకొనుట ఆచారమయ్యెను. ఒకని గేదె ఈనలేక పడియున్నది, ఒకామె బిడ్డకు మూడుదినములుగా చలిజ్వరము, ఒకని పాత ఋణమునకు కామందు తొందర పెట్టుచున్నాడు, కాలువ చివర నీరు రాలేదు. వీనినన్నిటిని పేరుపేరున దేవుని ముందుంచుటను చూచి, ఇది స్వార్థప్రార్థనయని చదువుకొనినవారు కొందరు అప్పుడును విమర్శించిరి, ఇప్పుడును విమర్శింతురు. వారితో నేను ఏకీభవింపను. గేదెను గూర్చిన దిగులును ఇంటనే విడిచి, పరలోకమును గూర్చి మాత్రమే మాట్లాడు నోటివెనుక హృదయము గేదెదొడ్డిలోనే యుండిపోవును. దిగులుతో కూడ వచ్చిన హృదయము సంపూర్ణముగ వచ్చినది.

అయితే చింతకు గల అపాయమును ఈ ప్రజలు ఎరుగనివారు కారు. విత్తువాని ఉపమానములో ఐహికచింతలు ముండ్లపొదలై మొలకను అణచివేయునని యేసు చెప్పెను. డెల్టా మాగాణిలో ముండ్లపొదలు లేవు, ఊద కలదు. ఊదగడ్డి మొదట వరిపైరువలెనే యుండును, కంకి వేయువరకు దానిని పసిగట్టుట నేర్పరియైన కూలిదానికే చెల్లును, అంతలో అది వరి త్రాగవలసిన నీటిని త్రాగివేయును. బిడ్డలకొరకైన విచారము ప్రేమవలెనే కనబడుచు పెరిగి, ఒకనాటికి ప్రేమనే మ్రింగివేయుట ఇట్టిదే. కలుపు ఒకనాడు తీసిన చాలదనియు, పైరు ఉన్నంతకాలము వెదకి తీయుచుండవలెననియు ఎరిగినవారికి, ప్రార్థన ప్రతిరాత్రియు ఎందుకని వేరుగ బోధింపనక్కరలేదు.

ఈ ఆచారమునకు క్రమమును గౌరవమును కల్పించినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి సీమలో పుట్టిన ఈ తమిళుడు, తనవారే 1903లో స్థాపించిన స్వదేశీ మిషనరీ సంఘము పక్షమున 1909లో దోర్నకల్లునకు వచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. కాలక్రమమున కృష్ణామండలపు సంఘములును ఆయన అధ్యక్షతకు చేరెను. ఎడ్లబండిపైనను, కాలినడకను పల్లెలకు తిరుగుచు, ఉపదేశులకు శిక్షణ నిచ్చుటతో తృప్తిపడక వారి భార్యలకును చదువు చెప్పించెను. పురుషుడు ఎంత బోధించినను ఇంటిలోని ఆచారమును మార్చునది స్త్రీయే యని ఆయన గ్రహించెను. బాప్తిస్మము పొందువారిచేత తమ తలపై చేయి పెట్టించి, సువార్త ప్రకటింపకున్న తమకు శ్రమయని పౌలు కొరింథీయులకు వ్రాసిన భావమును పలికించుట ఆయన పద్ధతి. అక్షరము రాని కూలివాడు ఆ దినమునుండి తానును బోధకుడే.

పిడికెడు బియ్యపు కానుక ఆ కాలమున ఊరూర పాదుకొనెను. ఎసటిలో బియ్యము పోయుటకు ముందు, ఆ పూటకు కొలిచిన బియ్యమునుండి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. వారము నిండినంతనే ఆ బియ్యము ఆదివారపు ఆరాధనకు పోవును. అమ్మినను, వేలము వేసినను వచ్చు సొమ్ము ఉపదేశి జీతమునకును, గుడి కప్పుటకును, దిక్కులేనివారికిని వినియోగమగును. విదేశపు ధనముపై నిలిచిన సంఘము తనకాళ్ళపై నిలువవలెనని అజరయ్య కోరినది ఈ కుండల బలముతోనే. క్రైస్తవదాతృత్వమును గూర్చి ఆయన ఒక గ్రంథమే వ్రాసెను. ధనవంతుడు మిగులులోనుండి ఇచ్చును, ఈ ఇల్లాలు కొలతలోనుండి ఇచ్చెను.

ఈ ఆచారపు సూక్ష్మత ఏ ఉపన్యాసమునను నాకు దొరకలేదు. పేద ఇంట చింత మిక్కిలి తీవ్రమగు క్షణమేది? బియ్యము కొలుచు క్షణము. ఉన్నది చాలునా, పెద్దవాడు తినిన పిమ్మట పిల్లలకు మిగులునా, తనకు గంజియైన నుండునా అని లెక్క వేయు ఆ క్షణముననే చేయి కుండలోనికి పోయి, చాలని దానిలోనుండి ఒక పిడికెడు దేవునికని తీయవలెను. దినమునకు ఒకమారో రెండుమారులో, జీవితాంతము. అయినను ఇందు క్రూరత్వము లేదు; ఎసరే పెట్టని పూటకు పిడికెడును లేదు, బాకీయు లేదు. కానుక ఆకలితో కూడ తగ్గును, పంటతో కూడ పెరుగును. ఇట్టి కొలతను ఏ పండితుడు కల్పించెనో గాని, దానిని నిలిపినవారు పేరులేని స్త్రీలు. వారి పేర్లు ఏ రిజిస్టరులోను లేవు.

కోత ముగిసిన పిమ్మట కోతపండుగ. మొదటి వరికంకుల కట్టలు, గుమ్మడికాయలు, కోళ్ళు, మేకపిల్లలు, కొబ్బరికాయలు మేళతాళములతో గుడికి వచ్చును. ఆరాధన ముగిసినంతనే చెట్టుక్రింద వేలంపాట. ఒక కోడిగ్రుడ్డు పాటలో పెరిగి పెరిగి కోడి వెలను మించుటయు, పాడుకొనినవాడు దానిని మరల గుడికే ఇచ్చుటయు పరిపాటి. పొలము తనది కాకపోయినను కూలిగింజలనుండి, పరిగె యేరిన కంకులనుండి తెచ్చువారుండిరి. భూమిలేనివాడు ప్రథమఫలమును అర్పించుట చూచి కనులు చెమర్చని గురువు ఉండడు.

రోమను కతోలికులలో ఈ భక్తి మరియొక రూపము దాల్చెను. 1924లో బెజవాడ గుణదలకొండవద్ద మొదలైన మరియమాత భక్తి, కోతలు నూర్పులు ముగిసి చేతులు తీరిక పొందు ఫిబ్రవరిలో ఉత్సవమై, డెల్టా నలుమూలలనుండి జనమును ఆకర్షించెను. జపమాల పూసలను లెక్కించు చేతులకు పని అడ్డము కాదని ఇంటింటి ముదుసలులు నిరూపించిరి. 1938లో ముంగమూరి దేవదాసు స్థాపించిన బైబిలు మిషను, సన్నిధిలో మౌనముగా కనిపెట్టుకొనియుండు పద్ధతిని తెలుగు పల్లెలలో ప్రచారము చేసెను. దినమంతయు కేకలు, ఆజ్ఞలు విను కూలివానికి ఒక గంట నిశ్శబ్దము ఎంత విలువగలదో ఆ భక్తుడు ఎరిగెననుకొందును.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుటయు, కృష్ణాసీమ ఆంగ్లికనులు దానిలో చేరుటయు సంఘచరిత్రలో పెద్ద ఘట్టములే. పల్లెలో సాయంప్రార్థన మాత్రము ముందటివలెనే సాగెను. దానికంటె పల్లెను ఎక్కువగా తాకినది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు. షెడ్యూల్డు కులముల హక్కులు హిందువులకే యని అది నియమించెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ద్వారము తెరువబడినను క్రైస్తవులకు తెరువబడలేదు. ఆంధ్రదేశమున వారు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమున చేర్చబడి ఒక శాతము రిజర్వేషను పొందిరి. బడిలో చేర్చు దినమున బిడ్డ పేరు ఎదుట ఏమి వ్రాయింపవలెనను ప్రశ్న నాటినుండి తండ్రికి క్రొత్తచింత యయ్యెను. కాగితమున ఒక పేరు, గుడిలో ఒక పేరు పెట్టుకొనిన కుటుంబములను కపటులని నిందించుట సులువు. బిడ్డ చదువును, క్రీస్తు నామమును రెండింటిని విడువలేక నలిగిన ఆ గుండెను తూచుటకు నిందించువారియొద్ద త్రాసు లేదు. ఉపవాసదినమున ఈ బాధ కన్నీటితో ఒప్పుకొనబడిన ప్రార్థనలు ఎన్నియో.

1977 నవంబరు 19న దివిసీమపై మరల సముద్రము లేచెను. పదివేలకు పైగా ప్రజలు మరణించిరి. కోతకు వచ్చిన వరి ఉప్పునీట మునిగెను. నాగాయలంక, కోడూరు ప్రాంతముల పల్లెలు అనేకము తుడిచిపెట్టుకొనిపోయెను. మతభేదము లేక సేవాసంస్థలు వచ్చిన ఆ దినములలో, కూలిపోయిన గుడిగోడల నడుమనే బ్రతికినవారు కూడి ప్రార్థించిరి. అట్టి సమయమున పలుకబడిన ప్రార్థనలో కృతజ్ఞత ఎంత, ఫిర్యాదు ఎంత యని విడదీయుట మానవసాధ్యము కాదు. యోబు గ్రంథమును చదివిన సంఘమునకు ఫిర్యాదు చేయు హక్కు కలదు.

పిమ్మటి మార్పులు తుపానువలె శబ్దము చేయలేదు, కాని లోతుగా పోయెను. బంటుమిల్లి, కృత్తివెన్ను, కైకలూరు ప్రాంతముల వరిచేలు గడచిన నాలుగు దశాబ్దములలో చేపలచెరువులుగను, రొయ్యలచెరువులుగను మారెను. చెరువునకు ఊడ్పు లేదు, కోత లేదు, పరిగె లేదు. మిగిలిన మాగాణిలోను యంత్రము కోయుచున్నది. స్త్రీలకు పని సన్నగిల్లెను. అనేకులు కువైటునకు, దుబాయికి, మస్కటునకు ఇంటిపనికై పోయిరి. తల్లి అచ్చట, బిడ్డలు అమ్మమ్మవద్ద. చింత సముద్రము దాటెను.

దీనికి తగినట్లు ఆచారములును మారుచున్నవి. నిత్యము సాగిన రాత్రిప్రార్థన చాలచోట్ల శుక్రవారపు ఉపవాసకూటముగను, ఇంటింటి గృహప్రార్థనగను, శ్రమకాలపు నలువది దినముల కూడికగను రూపొందినది. తాము పనిచేయు ఇండ్లలో యజమానులు నిద్రించిన పిమ్మట గల్ఫుదేశములకు పోయిన స్త్రీలు ఫోనులో తమ ఊరి కూటమును వినుచున్నారు. కోతపండుగలో కంకుల స్థానమున కవరులు వచ్చుచున్నవి. చౌకడిపో బియ్యము వండు ఇంట పిడికెడు తీయు అలవాటు కొందరు విడిచిరి, కొందరు నాణెము వేయుచున్నారు. అయినను పాతతరపు స్త్రీలు చౌకడిపో బియ్యమునుండియే పిడికెడు తీయుచున్నారు. గుడులలో ఆ కుండలకు బదులు ప్లాస్టికు డబ్బాలు కనబడుచున్నవి, ఆదివారమున సంఘపెద్దలు వానినన్నిటిని ఒక్క గోతములోనికి పోసి, తూచి, ఆ వారపు లెక్కపుస్తకమున వ్రాసికొనుచున్నారు.